రెండో ఏటి ధర

మొదటి ధరను పెద్ద అక్షరాల్లోనూ, రెండో ధరను చిన్న అక్షరాల్లోనూ అచ్చువేసే వ్యాపారాలన్నీ ఒకే తానులో ముక్కలన్నది ఈ శీర్షిక చాలాకాలంగా వినిపిస్తున్న వాదన. ప్రింటరును చవకగా ఇచ్చి సిరా దగ్గర రాబట్టుకునే పద్ధతిని గురించీ, నీటి శుద్ధి యంత్రాల ఫిల్టర్లను గురించీ ఇక్కడ సాగిన చర్చలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి, కొందరికి విసుగు కూడా పుట్టించి ఉంటాయి. ఆ వరసలో చేర్చదగిన మరో సరుకు ఈ వారం ప్రకటనల రూపంలో మళ్ళీ కళ్ళబడింది: డాట్ కామ్ పేరు 99 రూపాయలకే. ఆ ధర మొదటి ఏడాదికి మాత్రమేననీ, రెండో ఏడాది నుంచి 1,400 రూపాయలు చెల్లించాలనీ, జీఎస్టీ అదనమనీ ప్రకటన అడుగున భూతద్దం పెట్టి చదవవలసిన పరిమాణంలో ఉంది. పచ్చళ్ళు అమ్ముకునే గృహిణి గానీ, కొత్తగా క్లినిక్ తెరిచిన వైద్యుడు గానీ మొదటి ఏడాది గడిచేసరికి ఆ పేరును సీసాల లేబుళ్ళ మీదా, బోర్డు మీదా, చీటీల మీదా అచ్చువేయించి ఉంటారు కనుక, పద్నాలుగు రెట్లు పెరిగిన ధరను తిట్టుకుంటూనైనా కట్టక తప్పదు. విక్రేత లెక్క అంతా ఆ తప్పనితనం మీదనే ఆధారపడి ఉందన్నది స్పష్టం. అయితే ఆ లెక్కను చివరిదాకా కట్టి చూస్తే తేలేది మొదట అనుకున్నది కాదు.

డొమైన్ పేరు అంటే ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటరును చేరడానికి అవసరమైన అంకెల చిరునామాకు బదులు, మనుషులు గుర్తుపెట్టుకోగలిగే అక్షరాల చిరునామా. దానిని ఎవరూ శాశ్వతంగా సొంతం చేసుకోలేరు. ఒక విడతకు గరిష్ఠంగా పదేళ్ళ దాకా తమ పేరున నమోదు చేయించుకుని, గడువు తీరేలోగా మళ్ళీ రుసుము చెల్లించి నిలుపుకోవలసిందే. ఈ నమోదు మూడు అంచెలలో సాగుతుంది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి ఒక్కొక్క తోక కింద ఉన్న పేర్లన్నింటి అధికారిక పట్టికను నిర్వహించే సంస్థ రిజిస్ట్రీ. ఆ పట్టికలో పేరు చేర్పించే అర్హత సంపాదించిన చిల్లర విక్రేత రిజిస్ట్రార్. రిజిస్ట్రార్ దగ్గర సరుకు తీసుకుని తన బ్రాండు కింద అమ్మేవాడు రీసెల్లర్. మన పట్టణాలలో వెబ్‌సైట్లు తయారుచేసిపెట్టి, పేరూ హోస్టింగూ తామే సమకూర్చే చిన్న సంస్థలు ఎక్కువగా ఈ మూడో అంచెకు చెందినవే. ఈ వ్యవస్థకంతటికీ నియమాలు ఏర్పరచేది అమెరికాలోని కాలిఫోర్నియాలో నమోదైన, లాభాపేక్ష లేని ఐక్యాన్ అనే సంస్థ. రిజిస్ట్రార్ కాగోరేవారి నుంచి దరఖాస్తుకు 3,500 డాలర్లు, తరువాత ఏటా 4,000 డాలర్లు, నమోదైన ప్రతి పేరుకూ ఏడాదికి 20 సెంట్లు అది వసూలు చేస్తుంది.

ఇప్పుడు 99 రూపాయల పేరు సంగతి. డాట్ కామ్ రిజిస్ట్రీని నడిపే వెరిసైన్ కంపెనీ ఒక పేరుకు ఏడాదికి తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది. దానికి ఐక్యాన్ వాటా కలిపితే 10.46 డాలర్లు, అంటే డాలరును 85 రూపాయలుగా లెక్కించినా సుమారు 890 రూపాయలు. 99 రూపాయలకు అమ్మినవాడు తన చేతి నుంచి 790 రూపాయలు వేసుకుంటున్నాడన్నమాట, జీఎస్టీ ఎలాగూ అతనికి మిగిలేది కాదు. రెండో ఏడాది 1,400 రూపాయలు వచ్చినప్పుడు టోకు ధర పోగా 510 రూపాయలు, కార్డు చెల్లింపుల సంస్థకు పోయే సుమారు రెండు శాతం కూడా తీసివేస్తే 480 రూపాయల దాకా మిగులుతుంది. ఇలా వంద మంది చేరారనుకుంటే మొదటి ఏడాది నష్టం 79,000 రూపాయలు. వారిలో సగం మంది మొదటి గడువుకే వదిలేసి, మిగిలినవారిలో ఏటా 85 శాతం కొనసాగుతారని ఊహిస్తే, మొదటి రెన్యువల్‌లో 24,000, రెండో దానిలో 20,400, మూడో దానిలో 17,300, నాలుగో దానిలో 14,700 రూపాయలు తిరిగివచ్చి, అయిదో రెన్యువల్ నాటికి గానీ పెట్టినది పూడదు. ఈ మధ్యలో ఈమెయిల్ రావడం లేదంటూ వినియోగదారు చేసే ఒక్క అరగంట ఫోను, దానికి బదులు చెప్పే ఉద్యోగి జీతం రూపంలో, ఆ ఏటి మిగులులో సింహభాగాన్ని మింగగలదు. దొంగ కార్డుతో కొన్నవాడి చెల్లింపు నెల తరువాత వెనక్కి పోతే, రిజిస్ట్రీ మాత్రం మొదటి అయిదు రోజులు దాటాక టోకు ధరను వాపసు ఇవ్వదు కనుక, ఆ నష్టమూ విక్రేతదే.

అందుచేత చిల్లర విక్రేతకు డొమైన్ పేరు సరుకు కాదు, గేలానికి గుచ్చిన ఎర. లాభం హోస్టింగులోనూ, ఈమెయిల్ పెట్టెలలోనూ, వెబ్‌సైటు నిర్మాణ సాధనాలలోనూ, యజమాని వివరాలు బయటపడకుండా దాచే ప్రైవసీ సేవలోనూ ఉంటుంది. చివరిదాని విషయంలో మాత్రం ఈ శీర్షిక ఆగ్రహం చల్లారలేదు. 2018 మేలో ఐరోపా డేటా రక్షణ నియమావళి అమలులోకి వచ్చాక వ్యక్తుల వివరాలను బహిరంగ పట్టిక నుంచి చాలామట్టుకు ఎలాగూ తొలగించారు గనుక, అప్పటికే మూసిన తలుపుకు తాళం అమ్మడం వంటి వ్యాపారం అది. పేరు మీద లాభం లేదనడానికి మరో నిదర్శనం క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ. అది 2018 నుంచి టోకు ధరకే పేర్లను నమోదు చేస్తూ, కార్డు రుసుమును కూడా తానే భరిస్తున్నది. దాని అసలు ఆదాయం వెబ్‌సైట్ల భద్రతా సేవల నుంచి వస్తుంది కనుక పేరు మీద పైసా మిగలకపోయినా దానికి లోటు లేదు.

మరి లాభం ఎక్కడ ఉంది? వెరిసైన్ లెక్కల పుస్తకంలో ఉంది. 2024లో ఆ కంపెనీ ఆదాయం సుమారు 156 కోట్ల డాలర్లు, అందులో నిర్వహణ లాభం 106 కోట్ల డాలర్లకు దరిదాపు. అంటే వచ్చిన ప్రతి వంద డాలర్లలో 68 డాలర్లు లాభం. 15 కోట్లకు పైబడిన డాట్ కామ్ పేర్ల పట్టికను నిర్వహించే ఆ కంపెనీలో పనిచేసేవారు వెయ్యి మందికి లోపే. వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాథవే దానిలో పెద్ద వాటాదారుగా ఎందుకు ఉందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే వివరణ అక్కరలేదు.

ఈ స్థితి ఎలా ఏర్పడిందో చెప్పాలంటే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. స్థలం కొంత ఎక్కువే పట్టినా, ఆ చరిత్ర లేకుండా ధర అర్థం కాదు. 1985 మార్చిలో మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదైన నాటి నుంచి పదేళ్ళపాటు ఈ సేవ ఉచితం. ఖర్చును మొదట అమెరికా రక్షణ శాఖ, తరువాత ఆ ప్రభుత్వ విజ్ఞాన సంస్థ అయిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్ భరించేవి. 1993లో ఫౌండేషన్ నమోదు పనిని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే చిన్న కంపెనీకి అప్పగించింది. 1995 మార్చిలో రక్షణ రంగ కాంట్రాక్టుల సంస్థ ఎస్ఏఐసీ ఆ కంపెనీని 47 లక్షల డాలర్లకు కొనుక్కోగా, ఆరు నెలలు తిరిగేసరికి, పేర్ల సంఖ్య విపరీతంగా పెరుగుతున్నందున ఖర్చును ఇక వాడుకరులే భరించాలని నిర్ణయించి, ఏడాదికి 50 డాలర్ల చొప్పున రెండేళ్ళకు 100 డాలర్ల రుసుము విధించారు. ఆ 50లో 35 డాలర్లు కంపెనీవి. మిగిలిన 15 డాలర్లు, అంటే 30 శాతం, ఇంటర్నెట్ మౌలిక వనరుల అభివృద్ధికని ఏర్పరచిన ప్రత్యేక నిధికి చెందేవి. ఈ 30 శాతం సంగతి పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఆ నిధి ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికా కాంగ్రెస్ అనుమతి లేకుండా వసూలు చేసిన ఆ 15 డాలర్లు చట్టవిరుద్ధమైన పన్నేనని 1998లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. తరువాత కాంగ్రెస్ అప్పటిదాకా వసూలైన దానికి ఆమోదం తెలిపి కోర్టు వివాదాన్ని ముగించింది గానీ, అదే ఏడాది ఏప్రిల్ నుంచి ప్రజల వాటా తొలగిపోయి, రుసుము 35 డాలర్లకు తగ్గింది. తీర్పు ఆక్షేపించినది నిధి ఆశయాన్ని కాదు, అనుమతి లేకపోవడాన్ని. కానీ అనుమతి తెచ్చుకుని నిధిని కొనసాగించాలన్న ఆలోచన ఎవరికీ పట్టలేదు. ఆ ఏడే ఐక్యాన్ పుట్టింది. ఇంటర్నెట్ చిరునామాల వ్యవహారాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటిచేత్తో చక్కబెట్టిన జాన్ పోస్టెల్ ఆ అక్టోబరులోనే మరణించాడు.

1999లో గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టే ప్రయత్నంలో భాగంగా టోకునూ చిల్లరనూ విడదీశారు. చిల్లర వ్యాపారాన్ని పోటీకి తెరిచారు. టోకు మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండక తప్పదు కనుక, ఒకే పేరు ఇద్దరికి దక్కకుండా చూడడానికి ఒకే పట్టిక ఉండాలి కనుక, దానికి ధర నిర్ణయించారు: మొదట 9 డాలర్లు, 2000 జనవరి నుంచి 6 డాలర్లు. ఆ ఏడాదే వెరిసైన్ కంపెనీ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ను సుమారు 2,100 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొన్నది. అది డాట్ కామ్ బుడగ నాటి వెర్రి విలువే అయినా, తరువాత జరిగినది మాత్రం వెర్రి కాదు: 2003లో వెరిసైన్ చిల్లర విభాగాన్ని, నెట్‌వర్క్ సొల్యూషన్స్ అన్న పేరుతో సహా, సుమారు 10 కోట్ల డాలర్లకు అమ్మివేసి టోకు విభాగాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నది. ఏ అంచెలో డబ్బు ఉందో చెప్పడానికి ఆ ఒక్క లావాదేవీ చాలు.

టోకు ధర 2007 నుంచి అనుమతించిన పెంపులతో మెట్లు మెట్లుగా ఎక్కి 7.85 డాలర్లకు చేరాక, 2012లో అమెరికా వాణిజ్య శాఖ దానిని స్తంభింపజేసింది. 2018లో అదే శాఖ తాళం తీసి, ప్రతి ఆరేళ్ళ కాలంలో చివరి నాలుగేళ్ళు ఏటా 7 శాతం మేరకు పెంచుకోవడానికి అనుమతినిచ్చింది. 2021 నుంచి 2024 వరకు వెరిసైన్ ఏ ఒక్క ఏడూ వదలకుండా పెంచగా 7.85 కాస్తా 10.26 అయింది. ఇదే కాలంలో కంప్యూటర్ల, నిల్వ పరికరాల ఖర్చు ఏ దిశలో కదిలిందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

హైదరాబాదు వాసులకు సంబంధించిన ఒక చిన్న ముచ్చట ఇక్కడ చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్ చిరునామాల మూలపట్టికపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసిన తరువాత, ఐక్యాన్ మొదటి మహాసభ అదే ఏడాది నవంబరు 3 నుంచి 9 వరకు హైదరాబాదులో జరిగింది. పేర్ల వ్యవస్థ ఇక ఏ ఒక్క ప్రభుత్వం చేతిలోనూ లేదని ప్రపంచ ప్రతినిధులు సంబరపడుతున్న ఆ వారంలోనే, 8వ తేదీ రాత్రి, ఒక ప్రభుత్వ ప్రకటనతో ఈ దేశంలో 500, 1,000 రూపాయల నోట్లు చెల్లకుండా పోయాయి. అయితే డాట్ కామ్ ధర విషయంలో ఆ సంబరం అసంపూర్ణమే. మూలపట్టిక పర్యవేక్షణను వదులుకున్న అమెరికా వాణిజ్య శాఖ, వెరిసైన్‌తో ఉన్న ప్రత్యేక ఒప్పందాన్ని మాత్రం వదులుకోలేదు. విజయవాడలోని పచ్చళ్ళ వ్యాపారి రెన్యువల్ బిల్లుకు పునాది నేటికీ ఆ ఒప్పందంలోనే ఉంది.

ఇంతవరకు వచ్చాక నిర్ణయం తేలికగానే కనిపిస్తుంది. పట్టిక నిర్వహణకు నిజంగా ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు మన దేశమే ఒక సమాధానం ఇచ్చింది: డాట్ ఇన్ పేర్లకు బాధ్యత వహించే, లాభాపేక్ష లేని నిక్సీ సంస్థ 2018లో సాంకేతిక నిర్వహణకు టెండరు పిలిచినప్పుడు, న్యూస్టార్ కంపెనీ ఒక పేరుకు ఏడాదికి ఒక డాలరు కంటే తక్కువ కోట్ చేసి ఆ పనిని దక్కించుకున్నది. డాట్ కామ్ పట్టిక అంతకు ఎన్నో రెట్లు పెద్దది. దాని మీద దాడులూ ఎక్కువే. పాతికేళ్ళకు పైగా తన పట్టిక ఒక్క క్షణమైనా ఆగలేదన్న వెరిసైన్ ప్రకటనను తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. కానీ పట్టిక పెద్దదైతే ఒక్కొక్క పేరు మీద పడే ఖర్చు తగ్గాలి గాని పెరగకూడదు. కనుక టోకు ధరను రెండు డాలర్లకు దించమని అడగడమే ఈ శీర్షిక పాత ధోరణికి తగిన ముగింపు అవుతుంది.

అయితే ఈ వ్యవస్థలో నాలుగో పాత్రధారి ఒకడున్నాడు. వెబ్‌సైటు పెట్టాలన్న ఉద్దేశం లేకుండా, మున్ముందు ఎవరికో అవసరం కాగలవన్న అంచనాతో పేర్లను గంపగుత్తగా నమోదు చేసుకుని, కావలసినవాడు వచ్చేదాకా అట్టేపెట్టి అమ్మేవాడిని డొమైనర్ అంటారు. ఖాళీ స్థలాలు కొని అట్టేపెట్టే రియల్ ఎస్టేట్ వ్యాపారికి పన్ను నామమాత్రం; డొమైనర్‌కు మాత్రం ప్రతి పేరు మీదా ఏటా పూర్తి టోకు ధర పడుతుంది. వెయ్యి పేర్లున్నవాడు ఏటా సుమారు 10,500 డాలర్లు కట్టాలి. ఈ వ్యాపారంలో సాధారణంగా చెప్పుకునే లెక్క ప్రకారం ఏడాదిలో వందకు ఒకటి రెండు పేర్లు అమ్ముడుపోతే మేలు. ఒక శాతమే అనుకుంటే పది అమ్మకాలు. మధ్యవర్తి సంత 20 శాతం కమీషన్ తీసుకుంటుందనుకుంటే, ఒక్కొక్క పేరు సగటున 1,300 డాలర్లకు పైగా పలికితేనే అతనికి నష్టం తప్పుతుంది. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయిన వార్త చదివి ఈ రంగంలోకి దిగినవారు మొదట తెలుసుకునేది ఈ 1,300 సంగతే. అందుచేత అతడు గడువు దగ్గరపడినప్పుడల్లా తన జాబితాను జల్లెడ పట్టి, ఆశ లేని పేర్లను వదిలివేస్తాడు. వదిలిన పేర్లు మళ్ళీ అందరికీ అందుబాటులోకి వస్తాయి.

టోకు ధరను రెండు డాలర్లకు దించితే మొదట లాభపడేది పచ్చళ్ళ వ్యాపారి కాదు, ఇతడే. అదే పెట్టుబడితో అయిదింతల పేర్లను పట్టి ఉంచగలడు. జల్లెడ పట్టవలసిన అవసరమూ తగ్గుతుంది. గృహిణికి ఏడాదికి మిగిలేది ఆరేడు వందల రూపాయలు. కానీ ఆమెకు కావలసిన పేరు అప్పటికే ఎవరి దగ్గరో ఉంటే ఆమె చెల్లించవలసినది వేలల్లో, ఒక్కొక్కప్పుడు లక్షల్లో. పేరు తన వ్యాపార చిహ్నానికి చెందినదని నిరూపించగలిగితే ఐక్యాన్ వివాద పరిష్కార విధానాన్ని ఆశ్రయించవచ్చు గానీ, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ముందు ఒకే నిర్ణేతతో సాగే అతి చిన్న ఫిర్యాదుకే రుసుము 1,500 డాలర్లు.

ధర లేనప్పుడు ఏమవుతుందో చూపే ప్రయోగాలు కూడా జరిగాయి. నమోదైన అయిదు రోజుల్లోగా పేరును వెనక్కి ఇస్తే పూర్తి సొమ్ము వాపసు చేసే వెసులుబాటును పొరపాటున నమోదు చేసినవారి కోసం ఏర్పరచగా, కొందరు లక్షల పేర్లను ఉచితంగా తీసుకుని, ప్రకటనలు అంటించి, ఆదాయం వచ్చేవాటిని ఉంచుకుని మిగిలినవి తిప్పి పంపడం మొదలుపెట్టారు; డొమైన్ టేస్టింగ్ అన్న ఈ విద్య, 2008లో ఐక్యాన్ తన 20 సెంట్లను తిరిగి ఇవ్వనని చెప్పి, 2009లో వాపసులకు పరిమితి విధించగానే 99 శాతానికి పైగా పడిపోయింది. 20 సెంట్ల ధర కూడా అంత పని చేయగలదు. పసిఫిక్ దీవులైన టోకెలావ్‌కు చెందిన డాట్ టీకే పేర్లను ఒక డచ్ కంపెనీ ఏళ్ళ తరబడి ఉచితంగా పంచినప్పుడు ఆ తోక మోసగాళ్ళకు ఆటపట్టుగా మారింది. 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ కోర్టుకెక్కిన దరిమిలా ఆ కంపెనీ కొత్త నమోదులు ఆపి, మరుసటి ఏడాది ఆ వ్యాపారం నుంచే తప్పుకున్నది. పేరు మీద పడే ఏటి ధర కేవలం నిర్వహణ ఖర్చుకు బదులు కాదు. అక్కరలేని పేర్లను వదిలింపజేసే కంచె కూడా. ఆ కంచెను పడగొట్టమని కోరడం ఈ శీర్షికకు ఇక సాధ్యం కాదు.

కంచె ఉండాలన్నంత మాత్రాన దాని దగ్గర వసూలైనదంతా వాటాదారులకే చెందాలని లేదు. డాట్ ఆర్గ్ ఇందుకు ఉదాహరణ. 2003లో వెరిసైన్ నుంచి లాభాపేక్ష లేని పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీకి మారిన ఆ పట్టిక టోకు ధర చవకేమీ కాదు, అయినా ఖర్చులు పోగా మిగిలినది ఇంటర్నెట్ సొసైటీ ప్రజాహిత కార్యక్రమాలకు చేరుతుంది. ఆ మిగులు విలువ ఎంతో 2019లో ఒక పెట్టుబడి సంస్థ ఆ రిజిస్ట్రీకి 113.5 కోట్ల డాలర్ల ధర కట్టినప్పుడు బయటపడింది. స్వచ్ఛంద సంస్థల గగ్గోలు మధ్య ఐక్యాన్ 2020 ఏప్రిల్ 30న ఆ అమ్మకాన్ని తిరస్కరించింది.

డాట్ కామ్ ప్రస్తుత ఒప్పందం 2030 నవంబరు దాకా ఉంది. ఏటా 7 శాతం పెంచుకునే తరువాతి నాలుగేళ్ళ అవకాశం 2026 అక్టోబరు చివర తెరుచుకుంటుంది. నాలుగు విడతలూ వాడుకుంటే టోకు ధర 13 డాలర్లు దాటుతుంది. 10.26కు పైన పెరిగే ప్రతి సెంటూ 1995 నాటి నిధి వంటి ఒక నిధికి చెందాలనీ, ఈసారి 1998 తీర్పు కోరినట్లు కాంగ్రెస్ అనుమతితోనే చెందాలనీ షరతు పెట్టడంలో చట్టపరమైన చిక్కు ఉండనక్కరలేదు. నిధికి పని కూడా వెతుక్కోనక్కరలేదు. తెలుగు లిపిలో డాట్ భారత్ తోక 2011లోనే మూలపట్టికలో చేరినా, ఆ చిరునామాతో ఉన్న ఈమెయిలును నేటికీ ఎన్నో వెబ్‌సైట్ల దరఖాస్తు పత్రాలు చెల్లని చిరునామాగా తిప్పికొడుతున్నాయి. వాటిని సరిచేసే ప్రోగ్రామర్ల జీతాలకు డబ్బు కావాలి.